పొణికి సైనికులు, చారణా పీటలు

గుంటూరు బ్రాడీపేటలో పెరిగినవాడికి గళ్ళబోర్డు గురించి వేరే చెప్పక్కర్లేదు. అటు లైన్లు, ఇటు అడ్డరోడ్లు, రెండింటికీ నంబర్లు. కవరు మీద లైను నంబరు, గీత, అడ్డరోడ్డు నంబరు రాస్తే చాలు, ఉత్తరం గుమ్మంలోకి వచ్చేసేది. మా ఇంటి నుంచి నా క్లాస్‌మేట్ ఇంటికి రెండు అడ్డరోడ్లు తిన్నగా, ఒక లైను పక్కకి. అచ్చం చదరంగంలో గుర్రం ఎత్తు. ఇది నేను కనిపెట్టింది కాదు, మా మావయ్య చెప్పింది. కనిపించిన ప్రతిదాన్నీ ఆటలోకి లాగే జబ్బు ఆయనకుండేది. అది నాకూ అంటుకుంది, ఈ వయసులోనూ వదల్లేదు.

ఇప్పుడు ఊళ్ళలో బోర్డ్ గేమ్ కెఫేలని వస్తున్నాయి. గంటకింతని కట్టి, కాఫీ తాగుతూ, అట్టపెట్టెల్లోంచి చెక్క ఇళ్ళూ గొర్రెలూ తీసి ఆడుకుంటున్నారు. నాకు సంతోషమే. కానీ మొన్నొక కుర్రాడు "స్ట్రాటజీ గేమ్స్ మన సైడు లేవు కదంకుల్" అన్నప్పుడు మాత్రం నోరు ఊరుకోలేదు. కాఫీ చల్లారేదాకా వాడి చెవులు తిన్నాను. వాడికి చెప్పిందీ, చెప్పడానికి టైము చాలనిదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

పులి–మేకతో మొదలెట్టాలి. వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట గుంటూరు ఎండ సంగతి తెలిసిందే, బయటికి అడుగు పెట్టనిచ్చేవాళ్ళు కాదు. వసారాలో గచ్చు మీద నీళ్ళు చల్లి, ఆరాక మావయ్య సుద్దముక్కతో బోర్డు గీసేవాడు. ముందు పైన ఒక చుక్క. దాన్నుంచి నాలుగు గీతలు గొడుగు ఊచల్లా కిందికి. వాటిని కోస్తూ మూడు అడ్డగీతలు, రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చేలా. ఆ చివర్లని నిలువుగా మూసేసి, అడుగున నాలుగు కొసల్నీ కలిపేస్తే అయిపోయింది. మొత్తం 23 కూడళ్ళు. పులులు మూడు, మేకలు పదిహేను. పులులకి గులకరాళ్ళు, మేకలకి చింతపిక్కలు. పులి పక్కన మేక ఉండి, అదే గీత మీద మేక వెనకాల ఖాళీ ఉంటే పులి దూకుతుంది, మేక పోతుంది. పులులకి కదలడానికి దారి లేకుండా కట్టేస్తే మేకలు గెలిచినట్టు. నియమాలన్నీ ఇంతే, రెండు నిమిషాల్లో చెప్పేయొచ్చు.

పిల్లలందరం పులుల కోసం కొట్టుకునేవాళ్ళం. మావయ్య ఎప్పుడూ మేకలే తీసుకునేవాడు. ఎందుకని అడిగితే ఆయన చెప్పిన జవాబు నాకు బాగా గుర్తు.

"పులుల్తో గెలిస్తే పులులు గెలిచినట్టురా అల్లుడూ. మేకల్తో గెలిస్తే నువ్వు గెలిచినట్టు."

ఆయన ఆట దగ్గర్నుంచి చూడాలి. పిక్కని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, పెట్టబోయే చోటు కాకుండా దాని వెనక చోటు చూసేవాడు. ముందు అంచుల్లో నింపుకుంటూ వచ్చేవాడు, ఎందుకంటే గీత చివర కూర్చున్న మేక మీంచి ఆ గీతలో దూకడానికి చోటుండదు. తర్వాత ఆ అంచు మేకని ఆనుకుని ఇంకోటి. అలా జంటలు జంటలుగా లోపలికి జరిగేవాడు. ఒక మేకని కావాలనే పులి నోటి ముందు పెట్టేవాడు కూడా. మేం ఎగిరి గంతేసి దాన్ని తినేసేవాళ్ళం, చూస్తే పులి ఏ మూలకో వచ్చి ఇరుక్కుని ఉండేది. "తిన్నావా? ఇక అక్కడే పడుకో" అని నవ్వేవాడు.

రెండు పక్షాలూ సమానంగా లేకుండానే ఆట న్యాయంగా ఉండొచ్చని నాకు మొదట తెలిసింది ఆ గచ్చు మీదే. చదరంగంలో ఇద్దరికీ అవే పదహారు పావులు. ఇక్కడ ఒకరికి బలం, ఒకరికి సంఖ్య. ఒకరికి ఆకలి, ఒకరికి ఓపిక. ఇప్పుడు పెట్టెల మీద అసిమెట్రిక్ అని గొప్పగా అచ్చేసి అమ్ముతున్నది ఇదే.

అమ్మమ్మది వేరే లోకం. ఆవిడకి అష్టాచెమ్మా తప్ప ఇంకో ఆట ఆనేది కాదు. పీట వెనక చెక్కించుకున్న గళ్ళు, అయిదు అడ్డం అయిదు నిలువు, నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. కాయని చంపినప్పుడు ఆవిడ మొహంలో ఎక్కడి కోపం పోయేదో గానీ ఆ పూట ఇంట్లో అందరికీ శాంతి. వామనగుంటలు మా పిన్ని సామ్రాజ్యం. గుంటలో ఎన్ని గింజలున్నాయో చూడకుండా, చెయ్యి పెట్టి తడిమి, ఈ ఎత్తుకి ఎక్కడ ఆగుతుందో ముందే లెక్కేసుకునేది. ఆవిడ ఆ తర్వాత బ్యాంకులో చేరింది. ఆ లెక్కకీ ఈ ఉద్యోగానికీ సంబంధం లేదంటుంది, నేను నమ్మను.

ఇక చదరంగం. గుంటూరులో పుట్టి చదరంగం రాదంటే నామోషీ. పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. మరుసటి ఏడాదే గుడివాడలో పుట్టిన కోనేరు హంపి అయింది. తర్వాత 2011లో మా ఊరి ద్రోణవల్లి హారిక. వాళ్ళకి ఆ బిరుదులు రాకముందు నుంచే మా వీధుల్లో ప్రతి తల్లీ తండ్రీ పిల్లల్ని కోచింగుకి తోలేవాళ్ళు. నేనూ వెళ్ళాను. ఎత్తులు బాగానే పట్టుబడ్డాయి గానీ, మొదటి పదిహేను ఎత్తులు బట్టీ పట్టమన్నప్పుడు మాత్రం మనసు పక్కకి పోయేది. ఏనుగు ఒక్కసారి మూలగా నడిస్తే ఏమవుతుంది? మంత్రి చచ్చాక మూడు ఎత్తులకి తిరిగొస్తే? గడుల మధ్యలో ఒక ఏరు పారితే? కోచింగు మాస్టారు ఒకసారి నా పుస్తకంలో ఆ ఏరు బొమ్మ చూసి ఏమీ అనకుండా మూసి ఇచ్చేశారు. గెలవడం కంటే నియమాలు కదిపి చూడటమే ఎక్కువ ఇష్టమైన పిల్లలు కొందరుంటారు. వాళ్ళకి టోర్నమెంట్లలో కప్పులు రావు.

ఇంటర్‌కి విజయవాడ. హాస్టలు చదువు గురించి ఇక్కడ రాయను, చదివినవాళ్ళందరికీ తెలుసు. ఆదివారం ఔటింగు ఇస్తే మాకు రెండే దారులు. ఒకటి ఇంటర్నెట్ సెంటరు, రెండోది అలంకార్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల కొట్లు.

ఇంటర్నెట్ సెంటర్లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం. 1999లో వచ్చిన ఆట, మా దాకా రావడానికి ఒకటి రెండేళ్ళు పట్టింది. వైర్లతో కలిపిన నాలుగు కంప్యూటర్లు, ముందు కుర్చీల్లో మేము, వెనక మా వంతు ఎప్పుడొస్తుందా అని నిలబడ్డవాళ్ళు. బల్లెంవాడు గుర్రాన్ని ఆపుతాడు, గుర్రం విలుకాణ్ణి తొక్కేస్తుంది, విలుకాడు బల్లెంవాణ్ణి దూరం నుంచే కూల్చేస్తాడు. ఈ మూడుముళ్ళు అర్థమైన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మన తెలివి కాకుండా ఎదుటివాడి తెలివి మీద కట్టిన ఆట అది. వాడు గుర్రాలు చేస్తున్నాడని తెలియాలి, తెలియాలంటే చూడ్డానికి ఒకణ్ణి పంపాలి, పంపితే ఇంటి దగ్గర కట్టెలు కొట్టేవాడు తగ్గుతాడు. ఆట మొదట్లో ఊరి చుట్టూ గొర్రెల్ని వెతుక్కుని తోలుకురావాలి. సెలవులకొచ్చినప్పుడు మావయ్యకి ఇదంతా ఊపిరి ఆడకుండా చెబితే ఆయన అంతా విని, "గొర్రెల్ని కాయడానికి గంటకి డబ్బులిచ్చి కూర్చుంటున్నారా!" అన్నాడు.

అలంకార్ సెంటర్‌లో పేవ్‌మెంటు మీద గుట్టలు పోసిన పుస్తకాల్లో ఒకసారి అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం దొరికింది. యుద్ధపు ఆటల చరిత్ర. ప్రష్యా అనే పాత జర్మన్ రాజ్యంలో రైస్విట్స్ అనే ఆయన 1812లో రాజుగారి కోసం బల్ల మీద యుద్ధం తయారు చేశాడు. ఆయన కొడుకు సైనికాధికారి. 1824లో దాన్ని మ్యాపు మీదకి దించి, పాచికలు పెట్టి, సైన్యానికి పాఠంగా మార్చాడు. ఒకరికి ఎర్ర ముక్కలు, ఒకరికి నీలం ముక్కలు. మధ్యలో ఒక అంపైరు. నీకు కనపడాల్సిన శత్రువునే ఆయన మ్యాపు మీద పెడతాడు, మిగతాది ఆయన కడుపులోనే ఉంటుంది. అది చదివి నేను పుస్తకం మూసి కాసేపు కాలవ వైపు చూస్తూ కూర్చున్నాను. ఎదుటివాడికి తెలియకపోవడాన్ని కూడా ఒక నియమంగా రాయొచ్చా! అదే పుస్తకంలో ఇంకో సంగతి. 1913లో ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్, అంత పెద్ద రచయిత, నేల మీద బోర్లా పడుకుని బొమ్మ ఫిరంగితో సీసపు సైనికుల్ని పేల్చి పడగొట్టే ఆటకి నియమాలు రాసి అచ్చేయించాడట. మా మావయ్య ఒక్కడే కాదన్నమాట ఈ భూమ్మీద!

ఆ పుస్తకంలో రంగులేసిన చిన్న సైనికుల ఫోటోలున్నాయి. బొటనవేలంత బొమ్మ, దాని మీసం కూడా కనపడుతుంది. అవి తెప్పించుకోవాలంటే అప్పట్లో నా తరమా? ఉద్యోగం వచ్చాక ధర చూశాను, పోస్టేజీతో కలిపితే అప్పుడూ తరం కాలేదు. ఒకరోజు పిన్నే అంది, "కొండపల్లి పక్కన పెట్టుకుని సీమ బొమ్మలెందుకురా?" అని. మా ఇంట్లో దసరా కొలువుకి కొండపల్లి బొమ్మలు పెట్టేది ఆవిడే. అంబారీ ఏనుగు, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, దశావతారాలు, అన్నీ ఉండేవి. నాకు మాత్రం అవి అంతకుముందు బొమ్మలే, ఎప్పుడూ సైన్యంగా కనపడలేదు.

కొండపల్లి వెళ్ళాను. ఖిల్లా కింద బొమ్మల కాలనీలో ఒక పెద్దాయన దగ్గర కూర్చున్నాను. ఆయన తయారీ అంతా ఓపిగ్గా చూపించాడు. తెల్ల పొణికి కర్ర, చేతికి బరువే తెలియదు. దాన్ని ముందు సన్నని సెగ మీద తేమ పోయేలా ఆరబెడతారు. తల వేరు, మొండెం వేరు, చేతులు వేరు చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపి చేసిన మక్కుతో అతికిస్తారు. ఆకురాయితో రాస్తారు. ఆ తర్వాత ఒళ్ళంతా సున్నం పూత. అది ఆరాక గానీ రంగు ముట్టుకోరు. కుంచె మేక వెంట్రుకలతో కట్టింది.

ఆ సున్నం పూత చూసి నాకు నవ్వొచ్చింది. మినియేచర్లకి, అంటే ఇలాంటి చిన్న బొమ్మలకి, రంగులు వేసే విదేశీయులు ప్రైమర్ ప్రైమర్ అని ఎన్ని పేజీలు రాస్తారు! రంగు పట్టాలంటే కింద తెల్లపొర ఉండాలని, అతుకుల సందుల్లో పుట్టీ నింపాలని వాళ్ళు చెప్పేదంతా ఇక్కడ ఈయన గోచీ పెట్టుకున్నప్పట్నుంచీ చేస్తున్నదే.

నాకు వేలెడంత సైనికులు కావాలన్నాను. ఆయన నవ్వకుండా విన్నాడు. బల్లెం, గుర్రం, విల్లు, ఏవి ఎన్ని అని అడిగాడు. చివర్లో అడిగిన ప్రశ్న మాత్రం నేను ఊహించలేదు.

"ఎటు నుంచి చూస్తారు బాబూ వీటిని?"

"అంటే?"

"కొలువులో పెట్టే బొమ్మని ఎదురుగా చూస్తారు. మొహం బాగా రావాలి. మీరేమో బల్ల మీద పెట్టి ఆడతామంటున్నారు. పైనుంచి గదా చూస్తారు? మొహం ఎవరికి కనపడుద్ది? తలపాగా, భుజాలు, గుర్రం వీపు బాగుండాలి."

సీసపు సైనికుల మీద నేను చదివిందంతా ఆ ఒక్క ముక్కలో ఉంది. వెలుగు పైనుంచి పడుతుంది, చూసేవాడి కళ్ళూ పైనే ఉంటాయి, కాబట్టి పైభాగాలు లేతగా, కిందవి ముదురుగా ఉండాలి. ఆయన దీనికి పేరు పెట్టలేదు. చేసి చూపించాడు. తలపాగాకి ముందు ముదురు ఎరుపు, దాని మడతల మీద నారింజ కలిసిన ఎరుపు, అన్నిటికంటే పై మడత మీద ఒక్క పసుపు గీత. అంతే, వేలెడంత బొమ్మ లేచి నిలబడింది. కన్ను ఎలా వేస్తారని అడిగాను. ముందు తెల్లచుక్క పెద్దదిగా పెట్టి, దాని మీద నల్లచుక్క పెట్టి, తర్వాత ఒంటిరంగుతో చుట్టూ దిద్దుకుంటూ ఆ తెలుపుని సన్నగా చేసుకొచ్చాడు. కన్ను గీయడమనేది లేదు. కన్ను కానిదాన్ని కప్పేయడమే.

చెక్కి, సున్నం పూసినవి తీసుకున్నాను, రంగు నేనే వేసుకుంటానన్నాను. ఆయన ఆ మాటకి కొంచెం నొచ్చుకున్నట్టే ఉన్నాడు గానీ, ఏ రంగులు వాడాలో చెప్పి పంపించాడు.

తర్వాత రెండు మూడేళ్ళు నా శనివారం రాత్రులన్నీ అటే పోయాయి. బట్టల మీద పూలేసే యాక్రిలిక్ రంగులు, సున్నా సైజు కుంచెలు, పాత సీడీ కవరు పాలెట్టు. ఈ పనిలో నాకు ఎప్పుడూ విసుగు పుట్టనివి రెండు. ఒకటి, గోధుమరంగుని నీళ్ళలా పలచన చేసి బొమ్మ మీద పారబోయడం. అది దానంతటదే జారిపోయి పంచె మడతల్లో, గుర్రం మెడ కింద, వేళ్ళ సందుల్లో ఆగుతుంది. ఒక్క నిమిషంలో మనం గీయని నీడలు వచ్చేస్తాయి. రెండోది పొడికుంచె. లేతరంగులో ముంచి, గుడ్డకి తుడిచి, ఇక ఏమీ మిగల్లేదనుకున్నాక బొమ్మ మీద అటూ ఇటూ ఆడిస్తే ఎత్తుగా ఉన్న అంచులు మాత్రమే రంగు పట్టుకుంటాయి. జూలు మీదా గొలుసుకవచం మీదా ఇది చేస్తే చూడాలి. మా ఆవిడ మొదట్లో "ఈ వయసులో బొమ్మలేంటండీ" అంది. తర్వాత గుర్రాల జీన్లకి చీర అంచుల డిజైన్లు చెప్పడం మొదలెట్టింది. గద్వాల అంచు జీను మీద గీయడం నా వల్ల కాలేదు, మంగళగిరి నిజాం అంచు మాత్రం బాగానే కుదిరింది, అన్నీ ముక్కోణాలే కాబట్టి.

పొణికి బొమ్మలు తేలిక. ఫ్యాను గాలికే పడిపోయేవి. వాటి కింద పెట్టడానికి పీటలు కావాలి. సరిగ్గా అప్పుడే, 2011 జూన్ ఆఖరుతో చారణా బిళ్ళలు, అదే 25 పైసల నాణేలు, చెల్లవన్నారు. అమ్మమ్మ పోపులడబ్బాలో వాటి గుట్ట ఉంది. ఖడ్గమృగం బొమ్మ ఉన్న స్టీలు చారణా, ఒక్క సైనికుడి కాళ్ళకింద సరిగ్గా సరిపోతుంది. ఫెవికాల్‌తో అతికించి, మీద కాస్త ఇసుక చల్లి, మట్టిరంగు వేశాను. ఇంకో లాభం తర్వాత తెలిసింది. ఆ స్టీలుకి అయస్కాంతం పట్టుకుంటుంది. స్వీటు డబ్బా అడుగున అయస్కాంతపు రేకు పరిచి బొమ్మలన్నీ నిలబెడితే, పల్నాడు రోడ్ల మీద బస్సులో తీసుకెళ్ళినా ఒక్కడూ ఒరగడు.

పల్నాడు అన్నాను కదా. సైన్యం అయితే తయారైంది, యుద్ధమేదీ? రోమన్లూ నెపోలియనూ నాకెందుకు? మాచర్ల, గురజాల మా జిల్లాలోవే అప్పట్లో. 12వ శతాబ్దపు అన్నదమ్ముల గొడవ, ఇటు మాచర్ల వైపు బ్రహ్మనాయుడు, అటు గురజాల వైపు నాయకురాలు నాగమ్మ, మధ్యలో కోడిపందెం, ఓడినవాళ్ళకి ఏడేళ్ళ వలస, రాయబారానికి వెళ్ళిన అలరాజు చావు, చివరికి కారంపూడి దగ్గర నాగులేటి ఒడ్డున అంతమంది వీరులు పోవడం. ఇంతకంటే ఏం కావాలి ఆటకి?

బోర్డుకి గళ్ళు వద్దనుకున్నాను. గళ్ళలో మూలగా నడిస్తే తిన్నగా నడిచినదానికంటే ఎక్కువ దూరం పోయినట్టు, అదొక చికాకు. మావయ్య పులి–మేక బోర్డే తీసుకున్నాను. కూడళ్ళు ఊళ్ళు, గీతలు బాటలు. బాట లేనిచోట కదలడం లేదు. పోరాటానికి పాచికలు పెట్టి చూస్తే బాగా లేదు. ఒక్క పాచికలో ఒకటి పడటానికీ ఆరు పడటానికీ ఒకటే అవకాశం, యుద్ధం లాటరీ అయిపోతుంది. అమ్మమ్మ గవ్వలు పట్టుకొచ్చాను. నాలుగు గవ్వలు నాలుగు నాణేల్లాంటివే అనుకుంటే పదహారు రకాలుగా పడొచ్చు. అందులో రెండు వెల్లకిలా పడేవి ఆరు. ఒకటి పడేవి నాలుగు, మూడు పడేవి నాలుగు. చెమ్మ ఒక్కటి, అష్ట ఒక్కటి. అంటే మామూలుగా మధ్యరకం ఫలితాలే వస్తాయి, ఎప్పుడో గానీ అద్భుతం జరగదు. నాకు కావలసిన యుద్ధం అదే. తీరా చూస్తే అమ్మమ్మ గవ్వలు నాణేల్లా పడవు, బోర్లా పడటానికే మొగ్గు ఎక్కువ. నాలుగు రోజులు వేసి వేసి రాసుకుంటుంటే అమ్మమ్మ చూసి, "అవి అంతేరా, నేనెప్పట్నుంచో అష్ట కోసమే కాస్తాను" అంది. ఇన్నేళ్ళ ఆవిడ గెలుపుల రహస్యం అలా బయటపడింది.

చాపకూడుని నియమం చేయాలన్నది నా పంతం. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించాడని కదా. కాబట్టి మాచర్ల పక్షానికి ఒక వరం ఇచ్చాను. వేర్వేరు రంగుల బొమ్మలు ఒకే కూడలిలో ఉంటే అందరికీ అక్కడున్న బలమైనవాడి బలమే లెక్క. బాగుంది కదా? మావయ్య మొదటి ఆటలోనే తన సైన్యమంతా ఒకే కూడలిలో పేర్చి, ఉండలా దొర్లించుకుంటూ గురజాల మీదకి వచ్చేశాడు. దానికి విరుగుడు కూడా చాపకూడులోనే దొరికింది. తినాలంటే బియ్యం ఉండాలిగా! ప్రతి కూడలికీ ఇన్ని గింజలని పెట్టాను. అంతకంటే ఎక్కువమంది ఆ పూట అక్కడే ఉంటే ఒకడు తగ్గిపోతాడు. కలిసి ఉంటే బలం, కలిసి ఎక్కువసేపు ఉంటే ఆకలి. ఆ ఒక్క నియమంతో బోర్డు ఊపిరి పీల్చుకుంది. కొట్లాటకి కలవడం, తిండికి విడిపోవడం, ఎప్పుడు ఏదన్నదే ఆట అయింది.

నాగమ్మ పక్షానికి చీటీలు. ఎత్తు ముందే చీటీ మీద రాసి బోర్లించి పెడుతుంది, అవసరమైనప్పుడు తిప్పుతుంది. ప్రష్యావాళ్ళ అంపైరు పనిని కాగితం చేత చేయించాను.

పిన్ని మాత్రం వేరే రకం. ఆవిడ బ్యాంకు బుర్రతో నియమాలు రెండుసార్లు చదివి, నాగులేటి ఇవతల నాలుగు ఊళ్ళలో సైన్యాన్ని గింజలకి సరిపోయేట్టు సర్దేసి, కదలకుండా కూర్చుంది. మావయ్య రెచ్చగొట్టాడు, తిట్టాడు, ఏరు దాటి వచ్చి ఓడిపోయాడు. పిన్ని టీ తాగుతూ "నేనెందుకు రావాలి? నాకిక్కడ హాయిగా ఉంది" అంది. రాత్రి పదకొండు దాటినా ఆట ముగిసే దారి లేదు.

ఆ ముడి విప్పింది కారంపూడి. కార్తీక అమావాస్యకి అక్కడ వీరుల ఆరాధన జరుగుతుంది, అయిదు రోజులు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. ఊళ్ళ నుంచి కొణతాలు, అంటే వీరుల ఆయుధాలు, పట్టుకుని వీరాచారవంతులు వస్తారు, వీరుల గుడి ముందు వీరవిద్యావంతులనే గాయకులు కథ పాడతారు. ఆ ఏడు నేనూ మావయ్యా బస్సెక్కి వెళ్ళాం. మందపోరు రోజున చాపకూడు నిజంగానే జరుగుతోంది, మేమూ కూర్చుని తిన్నాం. తిరుగు బస్సులో మావయ్య టికెట్ వెనకాల అయిదు గీతలు గీసి నా చేతిలో పెట్టాడు. "అయిదు రోజులు. అయిదే. ఆరో రోజు లేదు. మీ పిన్నిని ఇప్పుడు కూర్చోమను చూద్దాం."

ఆ అయిదు రోజులే ఆటకి అయిదు అంకాలయ్యాయి. రాచగావు నాడు బొమ్మల్ని నిలబెట్టుకోవడం. రాయబారం నాడు ఎవరూ ఎవర్నీ ముట్టుకోకూడదు, నోటితో బేరాలే, అబద్ధం చెప్పొచ్చు. మందపోరు నాడు చాపకూడు వరం రెట్టింపు, గింజల ఖర్చూ రెట్టింపు. కోడిపోరు నాడు ఇద్దరూ చాటుగా పందెం కాసి ఒకేసారి గుప్పిట తెరవాలి, గెలిచినవాడికి ఎదుటివాడి ఊరు ఒకటి. కళ్ళిపాడు నాడు ఇక మిగిలింది యుద్ధమే. పిన్ని ఎంత కదలకుండా కూర్చున్నా కోడిపోరు నాడు పందెం కాయక తప్పదు. ఆ రోజు ఆవిడ ఉత్త గుప్పిట తెరిచి మావయ్య చేత మూడు ఊళ్ళకి సరిపడా గింజలు దండగ చేయించింది. అది వేరే కథ.

ఇప్పటికి ఆ నియమాల పుస్తకం ఎన్నోసారి తిరగరాశానో లెక్క లేదు. మా అమ్మాయి దాన్ని కంప్యూటర్లో ఎక్కించి, బొమ్మలతో ముద్దుగా ప్రింటు తీసింది. బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసుకి రెండు అడుగులుండాలా మూడుండాలా అన్న దాని మీద దానికీ మావయ్యకీ ఏడాదిగా మాటల్లేవు, అంటే ఆట గురించి మాటల్లేవు, మిగతావన్నీ మాట్లాడుకుంటారు.

పోయిన వారం పిన్ని ఫోన్ చేసింది. ఆవిడ అభ్యంతరం చీటీల మీద.

"ఏరా, నాగమ్మ ఇంట్లో కూర్చుని కాగితాలు రాసుకునే మనిషా? మంత్రి కదా? బ్రహ్మనాయుడికి బొమ్మ ఉంది, బాలచంద్రుడికి బొమ్మ ఉంది, ఆవిడకేదీ?"

"ఆవిడ పక్షానికి చీటీలే బలం పిన్నీ. బొమ్మ కూడా ఇస్తే తూకం పోద్ది."

"తూకం నువ్వు చూసుకో. సంక్రాంతికి బొమ్మ బోర్డు మీద ఉండాలి. గుర్రం మీద."

నాగమ్మ బోర్డు మీదున్నంతసేపూ చీటీలు రెండుకి మించకూడదని రాసి చూస్తున్నాను. ఆవిడ చస్తే ఆట అయిపోవాలా, చీటీలు పోతే చాలా అన్నది ఇంకా తేలలేదు. మావయ్య ఓటు అడగకుండానే పిన్నికి వేసేశాడు. కొండపల్లికి కబురు పెట్టాను, పొణికి గుర్రం వచ్చే నెలకి వస్తుంది. రంగు నేనే వేస్తాను గానీ, చీర ఏ రంగన్నది మాత్రం తను చెప్పేదాకా కుంచె ముట్టుకోవద్దని పిన్ని ఆర్డరు.